కొలను పక్కన కుర్చీ మీద తువ్వాలు వేస్తే అది మనదవుతుందా?

ఈ సంచికకు వచ్చిన ఉత్తరాల్లో నౌకాయాత్రలకు సంబంధించినవి చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. పైడెక్ మీద ఈతకొలను చుట్టూ వేసే పడక కుర్చీలను ముందుగా వెళ్లి ఆపుకోవడం సబబేనా అన్నదే ఆ విషయం. సెలవుల కాలం దగ్గరపడుతోంది కాబట్టి ఈసారి శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: గాల్వెస్టన్ రేవు నుంచి కోజుమెల్ మీదుగా వెళ్లివచ్చే వారం రోజుల యాత్రకు అత్తగారు, మామగారు, ఇద్దరు పిల్లలతో కలిసి వెళ్లాము. నౌక ఏ రేవులోనూ ఆగని రోజున మేము ఉదయం తొమ్మిది దాటాక పైకి వెళ్లేసరికి కొలను చుట్టూ ఉన్న కుర్చీలన్నిటి మీదా తువ్వాళ్లు, పుస్తకాలు, చెప్పులు కనిపించాయి. మనుషులు మాత్రం సగం కుర్చీల్లో కూడా లేరు. మోకాళ్ల నొప్పులున్న మా మామగారు నీడలో చోటు కోసం చాలాసేపు నిలబడి, చివరికి క్యాబిన్‌కి వెళ్లిపోయారు. మర్నాడు నేను ఆరింటికే లేచి నాలుగు కుర్చీల మీద తువ్వాళ్లు పరిచి వచ్చి మళ్లీ పడుకున్నాను. "అందరూ చేసిందే నువ్వూ చేశావు, తప్పేముంది" అని మావారు అన్నారు. మామగారు మాత్రం ఆ కుర్చీలో కూర్చోవడానికి ఇష్టపడలేదు. ఎవరి మాట సబబు?
— ఒక పాఠకురాలు, డల్లాస్

జవాబు: మీ మామగారి సంకోచమే సబబైనది. మీరు ఆ పని స్వార్థంతో చేయలేదనీ, ముందురోజు ఒక పెద్దాయన పడిన ఇబ్బంది చూసి మనసు ఆగక చేశారనీ మీ ఉత్తరం చదివితే తెలుస్తూనే ఉంది. కానీ ఆరింటికి పరిచిన తువ్వాలు మీరు నిద్రలేచి, ఫలహారం ముగించి వచ్చేదాకా ఆ కుర్చీని ఖాళీగానే ఉంచింది. ఎండ ముదరకముందే కాసేపు సముద్రం చూస్తూ కూర్చుందామని వచ్చిన మరో పెద్దావిడకు ఆ చోటు దొరకకుండా పోయి ఉంటుంది. మీ మామగారికి ముందురోజు జరిగినదే మర్నాడు ఇంకొకరి మామగారికి జరిగింది. ఆ సంగతి ఆయనకు తట్టినట్టుంది.

ముందుగా నియమం ఏమిటో చూద్దాం. కొలను కుర్చీలను ముందే ఆపి ఉంచుకోకూడదని పెద్ద నౌకా సంస్థలు స్పష్టంగానే చెబుతున్నాయి. కార్నివాల్ సంస్థ నౌకల్లో, మనిషి లేకుండా సామాన్లు మాత్రమే ఉన్న కుర్చీకి సిబ్బంది సమయం రాసిన స్టిక్కర్ అంటిస్తారు. 40 నిమిషాలు గడిచినా ఎవరూ రాకపోతే ఆ సామాన్లు తీసి భద్రపరిచి, కుర్చీని మరొకరికి వదిలేస్తారు. రాయల్ కరీబియన్ సంస్థ పెట్టుకున్న గడువు 30 నిమిషాలు. ఈ గడువుల వెనుక ఉన్న ఆలోచన సమంజసమైనదని నా అభిప్రాయం. ఆ సమయంలో నీళ్లలోకి దిగి రావచ్చు, మరుగుదొడ్డికి వెళ్లి రావచ్చు, పిల్లవాడికి ఐస్‌క్రీమ్ ఇప్పించుకుని రావచ్చు. కుర్చీని నిజంగా వాడుకుంటున్న మనిషికి అంతకంటే ఎక్కువసేపు దానికి దూరంగా ఉండవలసిన అవసరం రాదు. అందువల్ల ఆ గడువు కుర్చీలో కూర్చునేవారిని కాపాడుతుంది, కుర్చీని దాచుకునేవారిని కాపాడదు.

ఒకప్పుడు పద్ధతి వేరుగా ఉండేది. అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటే పాతకాలపు నౌకల్లో డెక్ కుర్చీని యాత్ర మొత్తానికీ అద్దెకు తీసుకునేవారు. 1912లో టైటానిక్‌ను నడిపిన వైట్ స్టార్ లైన్ సంస్థ ఒక్కో కుర్చీకి నాలుగు షిల్లింగులు వసూలు చేసేది, కప్పుకునే ఉన్ని కంబళికి మరో నాలుగు షిల్లింగులు. డెక్ మీద పనిచేసే స్టీవార్డు ఆ కుర్చీకి ప్రయాణికుడి పేరున్న చీటీ తగిలించేవాడు. డబ్బు చెల్లించారు కాబట్టి, పేరు రాసి ఉంది కాబట్టి, ఆ కుర్చీ ఖాళీగా ఉన్నా మరొకరు అందులో కూర్చునేవారు కారు. నేటి నౌకల్లో ఆ అద్దె లేదు, ఆ చీటీ లేదు. కుర్చీల ఖర్చు అందరి టిక్కెట్టులోనూ కలిసే ఉంటుంది కాబట్టి అవి అందరివీ. పైగా ప్రయాణికులందరికీ ఒకేసారి సరిపడేటన్ని కుర్చీలు సాధారణంగా వేయరు. కొందరు భోజనశాలలో, కొందరు ఆటల్లో, కొందరు క్యాబిన్లలో ఉంటారన్న లెక్క మీదే ఆ ఏర్పాటు నడుస్తుంది. మియామీ నుంచి 2024లో యాత్రలు మొదలుపెట్టిన ఐకాన్ ఆఫ్ ది సీస్ నౌకలో ఏడు కొలనులున్నాయి, కానీ క్యాబిన్‌కి ఇద్దరేసి చొప్పున చూసినా అందులో 5,600 మందికి పైగా పడతారు. అటువంటి చోట భోజనశాలలో ఉన్న మనిషి కొలను పక్కన కూడా ఒక కుర్చీని పట్టి ఉంచితే ఆ లెక్క మొత్తం దెబ్బతింటుంది. ఖాళీ కుర్చీల నడుమ మీ మామగారు నిలబడవలసి రావడానికి కారణం అదే.

మనకు ఈ అలవాటు కొత్తది కాదు. పండుగ రోజుల్లో ఆర్టీసీ బస్సు బస్టాండులోకి వస్తుండగానే కిటికీలోంచి తుండుగుడ్డో, కర్చీఫో వేసి సీటు ఆపుకోవడం మనలో చాలామంది చేసిన పనే. అక్కడ కర్చీఫ్ వేసినవాడు తలుపు దగ్గర తోపులాటలోనే ఉంటాడు, రెండు నిమిషాల్లో ఎక్కి కూర్చుంటాడు. అందుకే తోటి ప్రయాణికులు దాన్ని గొణుక్కుంటూనైనా ఒప్పుకుంటారు. ఉదయం బస్సుకు కర్చీఫ్ వేసి, ఇంటికి వెళ్లి స్నానం చేసి వస్తానంటే మాత్రం ఎవరూ ఒప్పుకోరు. కొలను కుర్చీ విషయంలో నేను గీసే గీత కూడా సరిగ్గా అక్కడే ఉంది.

అందరూ చేస్తున్నారు కాబట్టి తప్పు కాదన్న మీవారి మాటకు కూడా జవాబు చెప్పాలి. అందరూ చేసేకొద్దీ ఈ పని ఎవరికీ ఉపయోగపడకుండా పోతుంది. ఏడింటికి వచ్చేవారిని దాటడానికి మీరు ఆరింటికి లేస్తే, మిమ్మల్ని దాటడానికి ఇంకొకరు అయిదింటికి లేస్తారు. కుర్చీల సంఖ్య పెరగదు, సెలవు కోసం వచ్చినవారి నిద్ర మాత్రం తగ్గుతుంది. స్పెయిన్‌లోని కాల్పే పట్టణంలో సముద్రతీరాన ఇదే పోటీ ముదరడంతో, ఉదయం తొమ్మిదిన్నరకు ముందే కుర్చీలు, గొడుగులు పాతి చోటు ఆపుకునేవారికి 250 యూరోల జరిమానా విధిస్తామని 2024లో అక్కడి పురపాలక సంఘం ప్రకటించవలసి వచ్చింది.

ఇక మీ మామగారి మోకాళ్ల సంగతి. త్వరగా వెళ్లడం తప్పు కాదు, వెళ్లి కుర్చీని వదిలి రావడమే తప్పు. ఆయన తెల్లవారుజామునే లేచేవారైతే ఏడింటికి ఆయనతో పాటు మీలో ఒకరు వెళ్లి నీడలో కూర్చోండి, ఫలహారం పళ్లెంలో పెట్టి అక్కడికే తీసుకెళ్లండి. ఆయన ఆ కుర్చీలో మధ్యాహ్నం దాకా కూర్చున్నా వేలెత్తి చూపే హక్కు ఎవరికీ లేదు. కార్నివాల్ నౌకల్లో సెరెనిటీ అనీ, రాయల్ కరీబియన్ నౌకల్లో సొలేరియం అనీ పెద్దవాళ్లకు మాత్రమే కేటాయించిన చోట్లు ఉంటాయి. వాటికి విడిగా రుసుము లేదు, పిల్లల సందడి ఉండదు. పిల్లలతో మీరు కొలను దగ్గర ఉన్నంతసేపు అత్తగారూ మామగారూ అక్కడ హాయిగా కూర్చోవచ్చు. నౌక కోజుమెల్ వంటి రేవులో ఆగిన రోజున ఎక్కువమంది ఊరు చూడటానికి దిగిపోతారు కాబట్టి, నడవలేని పెద్దవాళ్లకు పైడెక్ మీద గడపడానికి అంతకంటే మంచి రోజు ఉండదు. ఇవేవీ కుదరకపోతే డెక్ మీద ఉన్న సిబ్బందిని పిలిచి, పెద్దాయన నిలబడలేరనీ, నీడలో ఒక కుర్చీ కావాలనీ నెమ్మదిగా చెప్పండి. గడువు దాటిన తువ్వాలు ఎక్కడుందో వెతికి తీయడం వారి పనిలో భాగమే.

ప్రశ్న: సింగపూర్ నుంచి బయలుదేరిన నౌకలో మేము కొలను పక్కన కూర్చుని, సామాన్లు అక్కడే ఉంచి మధ్యాహ్న భోజనానికి వెళ్లాము. గంటంబావు తర్వాత తిరిగి వచ్చేసరికి మా తువ్వాళ్లు, సంచి నేల మీద పెట్టి ఉన్నాయి, మా కుర్చీల్లో వేరే కుటుంబం కూర్చుని ఉంది. మావారు వాళ్లతో గట్టిగా వాదించారు, చుట్టూ ఉన్నవాళ్లంతా మా వైపే చూశారు. నాకు సిగ్గుగానూ అనిపించింది, కోపంగానూ అనిపించింది. తప్పు ఎవరిది?
— ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: గంటంబావు అన్నది చాలా సమయం. భోజనానికి వెళ్లడమంటే కొలను దగ్గర నుంచి లేచినట్టే లెక్క. వెళ్లేటప్పుడు సామాన్లు తీసుకెళ్లి, తిరిగి వచ్చాక ఖాళీగా ఉన్న కుర్చీ చూసుకోవడం మర్యాద. ఆ కుర్చీ మీద మీకు హక్కు పోయిందనే చెప్పాలి.

అయితే మీ సామాన్లను ముట్టుకునే హక్కు ఆ కుటుంబానికీ లేదు. ఈ రెండో మాటను నేను మొదటిదాని కంటే గట్టిగా చెబుతాను. ఆ సంచిలో ఫోను ఉండవచ్చు, కళ్లద్దాలు ఉండవచ్చు, సమయానికి వేసుకోవలసిన మందులు ఉండవచ్చు. ఏదైనా పోయినా, తడిసినా, ముట్టుకున్నవారి మీదే అనుమానం పడుతుంది, తీయని వస్తువు తీశారన్న మాట కూడా పడవలసి వస్తుంది. సిబ్బంది తీస్తే ఎన్నింటికి చూశారో, ఎన్నింటికి తీశారో, ఎక్కడ పెట్టారో చెప్పగలుగుతారు. తువ్వాళ్లిచ్చే కౌంటరులోనో, అతిథి సేవల కౌంటరులోనో అడిగితే సామాన్లు దొరుకుతాయి. గడువు దాటిందని ఎంత రూఢిగా తెలిసినా ఇతరుల తువ్వాలును మనం తీయకూడదు, తీసే బాధ్యత ఉన్నవారిని పిలవాలి.

ఆ బాధ్యత యాజమాన్యానిదేనని ఒక న్యాయస్థానం కూడా తేల్చింది. గ్రీసు దేశపు రోడ్స్ ద్వీపంలో సెలవులు గడిపిన ఒక జర్మన్ కుటుంబం, కుర్చీలను అరగంటకు మించి ఆపి ఉంచకూడదన్న నియమాన్ని హోటల్ తన దగ్గర రాసిపెట్టుకుని కూడా అమలు చేయలేదనీ, తమకు కూర్చోవడానికి చోటు దొరకలేదనీ యాత్ర నిర్వహించిన సంస్థ మీద దావా వేసింది. హానోవర్ నగరపు కోర్టు 2023 డిసెంబరులో ఆ కుటుంబం పక్షాన తీర్పు చెప్పి, 300 యూరోలకు పైగా తిరిగి ఇప్పించింది. తువ్వాళ్లు వేసిన తోటి యాత్రికులతో తగవు పడటమో, వాటిని స్వయంగా తొలగించడమో ఆ కుటుంబం చేయవలసిన పని కాదన్నది ఆ తీర్పులో నాకు ముఖ్యంగా కనిపించిన అంశం. అది హోటల్‌కు సంబంధించిన తీర్పే అయినా, నౌకలో మనం ఎలా నడుచుకోవాలో ఆలోచించడానికి పనికొస్తుంది.

మీవారు వాదన మొదలుపెట్టే బదులు, "ఇవి మా సామాన్లండీ, మేము తీసుకుంటున్నాము" అని చెప్పి సంచి అందుకుని ఉంటే సరిపోయేది. అవతలివారు నొచ్చుకుని క్షమించమనే వారేమో కూడా. మిగతా రోజులన్నీ ఆ కుటుంబంతోనే ఒకే లిఫ్టులో, ఒకే భోజనశాలలో తిరగవలసి ఉంటుందన్న సంగతిని నౌకలో కోపం వచ్చినప్పుడు తప్పక గుర్తు చేసుకోవాలి.

ప్రశ్న: నాన్నగారి షష్టిపూర్తి సందర్భంగా అన్నదమ్ముల కుటుంబాలన్నీ కలిపి పన్నెండు మందిమి నౌకాయాత్రకు వెళ్తున్నాము. అందరం ఒకచోట కూర్చోవాలన్నది నాన్నగారి కోరిక. ఒకరిద్దరం ముందుగా వెళ్లి పన్నెండు కుర్చీలు వరుసగా ఆపితే తప్పవుతుందా? మా పన్నెండేళ్ల అబ్బాయిని వాటికి కాపలా ఉంచవచ్చా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: పన్నెండు కుర్చీలు ఆపకండి. మీ కుటుంబంలో పిల్లలెంతమందో రాయలేదు కానీ, పిల్లలు నీళ్లలోకి దిగితే భోజనం వేళ దాకా కుర్చీ ముఖం చూడరన్నది అందరికీ తెలిసిందే. వాళ్లకోసం వేసిన తువ్వాలు ఆ కుర్చీలో ఉండటం తప్ప వేరే ఉపయోగం లేదు. పిల్లల తువ్వాళ్లను పెద్దవాళ్ల కుర్చీల కిందనో, వెనక్కి వేలాడదీసో ఉంచుకోవచ్చు. పన్నెండు మందికి ఐదారు కుర్చీలు చాలు, వాటిలోనే ఒకరు లేస్తే మరొకరు కూర్చోవచ్చు.

ముందుగా వెళ్లిన ఒక మనిషి ఎన్ని కుర్చీలు పట్టుకోవచ్చన్న దానికి నౌకా సంస్థల నియమాల్లో ఉన్నంత కచ్చితమైన అంకె మర్యాదలో లేదు. నా లెక్క చెబుతాను. కూర్చున్న పెద్ద మనిషి తనకొకటి, తనతో పాటు పైకి వచ్చి నీళ్లలోనో, ఫలహారం వరుసలోనో ఉన్నవారికి ఒకటి రెండు చూసి ఉంచవచ్చు. ఇంకా క్యాబిన్‌లో నిద్రపోతున్నవారి కోసం ఒక్కటి కూడా ఉంచకూడదు. "ఇక్కడ ఎవరైనా ఉన్నారా" అని తోటి ప్రయాణికుడు అడిగినప్పుడు, కొలనులో ఉన్న మనిషిని చేత్తో చూపించగలిగితే ఆ కుర్చీ ఆపడం న్యాయమే. చూపించడానికి మనిషి లేకపోతే తువ్వాలు తీసి, కూర్చోమని చెప్పడం మన ధర్మం.

అబ్బాయిని కాపలా పెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. ఈ విషయంలో నాకు ఏమాత్రం సందేహం లేదు. ఒక పెద్దాయన వచ్చి చోటు అడిగితే ఆ పిల్లవాడు ఏం చెప్పాలి? లేదంటే పెద్దలను కాదన్నట్టు, ఇస్తే ఇంట్లోవాళ్లు తిడతారన్న భయం. పెద్దలు ఎదుర్కోవలసిన ఇబ్బందిని పిల్లవాడి మీద పెట్టడం అవుతుంది. అతను ఈత కొట్టుకోవడానికి వచ్చాడు.

మీ నాన్నగారి కోరిక తీరడానికి వేరే దారులున్నాయి. అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చునేలా రాత్రి భోజనం ఏర్పాటు చేయమని ముందే కోరితే చాలా నౌకల్లో చేస్తారు. షష్టిపూర్తి సంగతి కూడా అప్పుడే చెప్పండి. కొలను దగ్గరే కలిసి కూర్చోవాలనుకుంటే, చాలా నౌకల్లో రుసుము చెల్లించి తీసుకునే కబానాలు, అంటే తెరలు కట్టిన చిన్న పందిళ్ల వంటివి ఉంటాయి. డబ్బు చెల్లించి తీసుకున్న ఆ చోటు ఆ సమయానికి పూర్తిగా మీదే, ఖాళీగా ఉంచి భోజనానికి వెళ్లినా ఎవరికీ అన్యాయం చేసినట్టు కాదు. ఖర్చు ఎక్కువనిపిస్తే, నౌక వెనుక భాగంలోని డెక్ మీద మధ్యాహ్నం నాలుగు దాటాక చూడండి. ఎండ తగ్గి, చాలామంది రాత్రి భోజనానికి తయారవడానికి లేచిపోయే వేళ అది.

ప్రశ్న: డెక్ మీద పనిచేసే కుర్రాడికి ఇరవై డాలర్లు ఇచ్చి, రోజూ రెండు కుర్చీలు మా కోసం ఉంచమని అడగవచ్చా? సేవ చేసినందుకు డబ్బు ఇవ్వడం మంచిదేగా?
— ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: అడగకండి. నౌకల్లో పనిచేసేవారిలో చాలామంది ఫిలిప్పీన్స్, ఇండోనేసియా, భారతదేశం వంటి దేశాల నుంచి ఇల్లు వదిలి నెలల తరబడి ఒప్పందాల మీద వచ్చినవారు. తువ్వాళ్లు తీసి కుర్చీలు అందరికీ అందుబాటులో ఉంచడమే అతని ఉద్యోగమైనప్పుడు, దానికి విరుద్ధమైన పనికి మీరు డబ్బు ఇస్తున్నట్టు అవుతుంది. పై అధికారి చూస్తే మాట పడేది అతనే, మీరు కాదు. కాదంటే యాత్రికుడు నొచ్చుకుని ఫిర్యాదు చేస్తాడేమోనన్న బెంగ కూడా అతనికి ఉంటుంది. నిజంగా అతని పని నచ్చితే యాత్ర చివరి రోజున, ఏ కోరికా లేకుండా ఇవ్వండి. అతని పేరు ప్రస్తావిస్తూ అభిప్రాయ పత్రంలో రెండు మంచి మాటలు రాస్తే అవి పై అధికారుల దాకా వెళ్తాయి.

ప్రశ్న: విశాఖపట్నం నుంచి చెన్నై వైపు వెళ్లే నౌకలో మొదటిసారి ప్రయాణించాలనుకుంటున్నాము. రెండు మూడు రోజుల చిన్న యాత్రలో కూడా ఈ నియమాలన్నీ పాటించాలా? నీళ్లలోకి దిగేటప్పుడు కుర్చీ మీద ఏం పెట్టి వెళ్లాలి?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: చిన్న యాత్రలోనే ఎక్కువ పాటించాలి. విశాఖ నుంచి 2022లో యాత్రలు నడిపిన కార్డేలియా సంస్థ ఎంప్రెస్ నౌక 1990 నాటిది, కొత్త మహానౌకలతో పోలిస్తే బాగా చిన్నది. అటువంటి నౌకలో కొలను, దాని చుట్టూ ఉన్న చోటు కూడా ఆ మేరకే ఉంటాయి. రెండు రోజుల యాత్రలో ఒక పూట కుర్చీ దొరకకపోతే అవతలివారికి యాత్రలో పెద్ద భాగమే పోయినట్టు.

నీళ్లలోకి దిగేటప్పుడు తువ్వాలు, చెప్పులు చాలు. ఫోను, నగలు, క్యాబిన్ కార్డు కుర్చీ మీద వదలకండి. ఒడ్డున కూర్చున్న ఇంటివారి చేతికి ఇవ్వండి, లేదా క్యాబిన్‌లోని లాకరులో పెట్టి రండి. నౌక ఇచ్చిన తువ్వాళ్లను తిరిగి కౌంటరులో అప్పగించడం మరవకండి, కొన్ని నౌకల్లో అప్పగించని తువ్వాలుకు యాత్ర చివర బిల్లులో డబ్బు వేస్తారు. ఎక్కిన మొదటి రోజునే ఆ నౌకలో కుర్చీకి ఎంతసేపు గడువు ఇస్తారో అతిథి సేవల కౌంటరులో అడిగి తెలుసుకోండి, ఒక్కో సంస్థకు ఒక్కో పద్ధతి ఉంటుంది.